మట్టి ఇవ్వని ఊరు

మా ఇంట్లో ఇద్దరు దేవుళ్లున్నారని క్వార్టర్ల లైన్లో అందరూ అనేవాళ్లు. నాన్న ఒప్పుకునేవాడు కాదు. "ఒక్కడే దేవుడు, ఆయన మీ అమ్మ దేవుడు. నావాడు మనిషి," అనేవాడు.

నాన్న గనిలో డంపర్ నడిపేవాడు. గుంటూరు వైపు నుంచి కుర్రతనంలో రాష్ట్రం దాటి ఈ ఇనుప గనుల ఊరు బచేలికి వచ్చాడు, ఇక్కడే రిటైరయ్యాడు. పెళ్లయిన కొన్నాళ్లకు బౌద్ధం తీసుకున్నాడు. అమ్మ పుట్టుకతో క్రైస్తవురాలు, మారలేదు. మారమని నాన్న అడగలేదు కూడా. పొద్దున్నే ముందు గదిలో ఆయన త్రిశరణాలు చెప్పుకుంటుంటే వంటింట్లో అమ్మ మోకాళ్ల మీద ఉండేది. ఒకరి గొంతు లేచినప్పుడు ఇంకొకరు కాస్త తగ్గించేవారు. మా ఇంటి మతసామరస్యం అంతే. దానికి మీటింగులు అక్కర్లేకపోయాయి.

నేను ఇక్కడే ఒక బళ్లో సాంఘికశాస్త్రం చెబుతాను. ఒకసారి హక్కుల పాఠం తయారు చేసుకుంటూ, బుద్ధుడు హక్కుల గురించి ఎక్కడైనా చెప్పాడా అని నాన్నను అడిగాను.  "పంచశీలలో హక్కు అన్న మాటే లేదమ్మా. చంపను, దొంగిలించను, అబద్ధమాడను, అన్నీ 'నేను చెయ్యను' అనే మాటలే. ఎదుటివాడి హక్కు ఎక్కడుందంటే నా 'చెయ్యను'లో ఉంది," అన్నాడు. వంటింట్లోంచి అమ్మ, "మాకు చెయ్యకపోతే సరిపోదు. దారిన పడున్నవాణ్ణి చూసి దాటిపోయినా తప్పే," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నా పాఠానికి అంతకంటే మంచి ముక్క దొరకలేదు.

అమ్మకు ఒక స్నేహితురాలుండేది. ఆదివారం సంతలో చింతపండూ విస్తరాకులూ అమ్మేది. అమ్మ ఆమెను చెల్లీ అని పిలిచేది కాబట్టి నాకు పిన్ని అయింది. వాళ్లది బాసగూడ దాటాక లోపలికి ఉన్న ఒక ఊరు. దోర్ల తెగవాళ్లు. పిన్ని తెలుగు భద్రాచలం వైపు తెలుగులా ఉండేది, మధ్యలో వాళ్ల భాష దోర్లీ, అవసరమైనచోట హిందీ. ఆ ఊళ్లో ఆమెకు కొద్దిగా పొలం ఉండేది. భర్త జ్వరంతో పోతే ఊరి శ్మశానంలోనే పాతిపెట్టారు. తర్వాత ఆమె మంచాన పడింది. పక్క ఊరి నుంచి ప్రార్థన చేసుకునే ఆడమనిషి ఒకామె వచ్చి, గంజి పోసి, ఒళ్లు తుడిచి లేపి కూర్చోబెట్టింది. అలా పిన్ని యేసును నమ్ముకుంది. డబ్బుకు ఆశపడి మారిందని ఊళ్లో అన్నారట. గంజికి మారిందంటే నిజానికి దగ్గరగా ఉండేది.

ఊరు మానుకోమంది. ఆమె మానుకోలేదు. చేతిపంపు దగ్గర నీళ్లు పట్టుకోనివ్వలేదు, ఇప్పపువ్వు ఏరడానికి అడవిలోకి రానివ్వలేదు. చివరికి కూతుర్ని తీసుకుని బచేలి చేరింది. ఊరంచున రేకుల షెడ్డులో జరిగే చిన్న ప్రార్థన కూటానికి వెళ్లేది. అమ్మ వెళ్లే పెద్ద చర్చికి రమ్మంటే, "అక్కడ బెంచీల మీద కూసుంటే నాకు దేవుడు కనబడడక్కా, ముందలోళ్ల జుట్టే కనబడతది," అనేది. ఊరి మీద మాత్రం ప్రేమ పోలేదు. "నేను సస్తే నన్ను మా ఊరు తోల్కపోన్రి. మా ఆయన పక్కన ఇంత జాగ ఉంది, చూసి పెట్టుకున్న," అని ఎన్నిసార్లు చెప్పిందో.

పోయిన ఎండాకాలం టౌన్‌షిప్‌లో ఒక సభ జరిగింది. నాన్న వెళ్లే బౌద్ధ సంఘమూ అమ్మ వెళ్లే చర్చీ కలిసి పెట్టాయి. బౌద్ధ, క్రైస్తవ బోధనల్లో మానవ హక్కులు అని బ్యానర్ కట్టారు. బౌద్ధ సంఘం కార్యదర్శి మంచి వక్త. జబ్బుపడి, తన మలంలో తానే పడి ఉన్న భిక్షువును తోటివాళ్లు వదిలేస్తే బుద్ధుడే వచ్చి కడిగిన కథ చెప్పాడు. చెబుతూ ఆయన గొంతు వణికింది. తర్వాత చర్చి పెద్ద లేచి, దొంగలు కొట్టి పడేసిన బాటసారిని పూజారులు దాటిపోతే, అంటరానివాడిగా చూసే మనిషి ఆగి ఎత్తుకున్న కథ చెప్పాడు. చప్పట్లు కొట్టాం. లడ్డూ, సమోసా పెట్టారు. వెనక వరసలో అమ్మ పక్కన కూర్చున్న పిన్ని బయటికొచ్చాక, "ఎంత మంచిగ చెప్పిన్రు అక్కా! మా ఊళ్లె కూడ ఎవలన్న ఇట్ల చెప్తే బాగుండు," అంది.

ఆ వారంలోనే పిన్ని చనిపోయింది. గుండె జబ్బు ముందునుంచే ఉంది. సంతలో కూలబడితే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇంటికి మళ్లీ రాలేదు. అమ్మా నేనూ ఆమెకు స్నానం చేయించి, సంక్రాంతికో క్రిస్మస్‌కో కాకుండా ఉత్తినే అమ్మ కొనిపెట్టిన నీలం చీర కట్టాం. కూతురు ఊళ్లో ఉన్న బాబాయికి, అంటే పిన్ని మరిదికి, ఫోన్ చేసింది. "తీసుకరా బిడ్డా. నేను పెద్దమనుషులతోటి మాట్లాడుత," అన్నాడు.

పికప్ బండిలో మంచుగడ్డలు పేర్చి, పొట్టు పోసి తెల్లవారకముందే బయల్దేరాం. కూతురు వెనక తల్లి దగ్గర కూర్చుంది. నాన్నా నేనూ డ్రైవర్ పక్కన. మోకాళ్ల నొప్పితో అమ్మ ఇంటి దగ్గరే ఆగిపోయింది. గీదం, బీజాపూర్, ఆవపల్లి. ప్రతి చెక్‌పోస్టులో ఆపి, గుడ్డ ఎత్తి చూసి, మళ్లీ కప్పి పంపారు. బాసగూడ దగ్గర వాగు దాటేసరికి ఎండ ఎక్కింది. మంచు కరిగి బండి కింద నీళ్లు ధారగా పడుతున్నాయి.

ఊరింకా కనపడకముందే, కల్వర్టు మీద జనం అడ్డంగా నిలబడి ఉన్నారు. ముందు ఊరి పూజారి, పెద్దమనుషులు. వాళ్ల వెనకెక్కడో, తల వంచుకుని పిన్ని మరిది. ఒక పక్కగా పెద్ద జీపు ఆగి ఉంది. మెడలో కండువాలు వేసుకున్న పట్నం మనుషులు కొందరు దానికి ఆనుకుని ఉన్నారు. ఆ ఊరివాళ్లు కాదని బూట్లు చూస్తేనే తెలుస్తోంది.

పూజారి ముసలివాడు. కోపంగా మాట్లాడలేదు. "మాకు ఈమె మీద పగ లేదు టీచరమ్మా. మా ఊరి కోడలే. కాని ఈ మట్టి మా తల్లిది. తల్లిని వద్దన్నోళ్లకు తల్లి మట్టి ఎట్ల ఇస్తం? రేపు వాన పడకుంటె, పసులు సస్తె, ఊరు నన్నడగదా?"

ఆయన భయం నాకు అర్థమైంది. దాన్ని నేను అసహ్యించుకోలేదు. తరతరాలుగా ఆ మట్టిని కనిపెట్టుకున్న మనిషి ఆయన. 

కండువా మనిషి ఒకడు ముందుకొచ్చాడు. ఆ ఊరి భాష రాదు, హిందీలోనే మాట్లాడాడు. నోట్లో గుట్కా. మాట్లాడే ముందు పక్కకు తిరిగి ఉమ్మాడు. అది బండి చక్రం పక్కనే, మంచునీళ్ల ధారలో పడింది. ఎర్రగా సాగింది. ఏమీ జరగనట్టు, "దారి ఉంది కదా బహెన్‌జీ. అమ్మాయి ఇంటికి తిరిగొచ్చేస్తే చాలు. దేవత ముందు కొబ్బరికాయ కొట్టి, మా అమ్మ తప్పు చేసింది, నేను ఆ దేవుణ్ణి వదిలేశాను అని నలుగురి ముందు చెప్పాలి. వెంటనే పాతిపెట్టుకోవచ్చు, మేమే మోస్తాం," అన్నాడు. నవ్వాడు కూడా. పెళ్లి సంబంధం మాట్లాడుతున్నవాడిలా.

శవం ఎదురుగా బేరం. ఎండలో తల్లి పాడవుతోంది, నీకు ఎక్కువ టైం లేదు అన్నది ఆ బేరంలో అసలు పట్టు. అది అతనికీ తెలుసు, మాకూ తెలుసు. ఇంకొకడు ఫోన్ పైకెత్తి పిన్ని ముఖం మీదికి జూమ్ చేస్తున్నాడు. నేను అడ్డం నిలబడితే పక్కకు జరిగి, మళ్లీ తీశాడు.

కూతురు బండి దిగి నా దగ్గరకొచ్చింది. ఇరవై దాటిన పిల్ల, హాస్టల్లో వంట చేస్తుంది. ముఖం ఎండిపోయి ఉంది. "ఒక్క మాటే కద టీచరమ్మా. అంటె అయిపోతదా? అవ్వ ఆడ పండుకుంటది," అంది.

 నాన్న వైపు చూశాను.

"అది నీ మాట తల్లీ," అన్నాడు నాన్న. "అన్నా నిన్ను ఎవరం తప్పుపట్టం. అనకపోయినా నీతోనే ఉంటాం. వాళ్లకోసం అనొద్దు, మాకోసం మానొద్దు."

ఆ పిల్ల తిరిగి బండి దగ్గరకెళ్లి తల్లి పాదాల మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు నిలబడింది. మళ్లీ వచ్చి పూజారితోనే మాట్లాడింది, కండువా మనిషివైపు చూడలేదు. "తాతా, బోరింగు బందు చేసినప్పుడు మా అవ్వ వాగు నీళ్లు తాగింది గాని మాట మార్చలే. ఇప్పుడు ఆమె నోరు మూసుకున్నంక ఆమె తప్పు చేసిందని నేనెట్ల చెప్త? చెప్ప."

పూజారి కళ్లు దించుకున్నాడు. కండువా మనిషి నాలుక చప్పరించి, "ఐతే తీసుకుపోండి," అన్నాడు.

ఎవరో కబురు చేస్తే పోలీసులతో ఒక అధికారి వచ్చాడు. మర్యాదస్థుడు. నాకు నీళ్ల సీసా ఇచ్చాడు. "మేడం, రాజ్యాంగం నాకూ తెలుసు. మీవైపే న్యాయం ఉంది. కానీ మాహోల్ ఖరాబ్ అవుతుంది, గొడవలైపోతాయి. మీరు టీచర్, సమఝ్‌దార్, అర్థం చేసుకోగలరు. బాడీని వేరేచోటికి తీసుకెళ్తే ముందో బండి, వెనకో బండి ఇస్తాను," అన్నాడు. న్యాయం మావైపున్నా, బండ్లు మాత్రం మమ్మల్ని బయటికి పంపడానికే ఉన్నాయి. పిల్లలకు నేను చెప్పే పాఠంలో ఈ మర్యాద ఎక్కడ ఇముడుతుందో నాకు తెలియలేదు. ఆ నీళ్లు తాగబుద్ధి కాలేదు.

సిగ్నల్ కోసం గట్టెక్కి ముందు చర్చి పెద్దకు ఫోన్ చేశాను. టౌన్‌షిప్ దగ్గర వాళ్లకు సమాధుల తోట ఉంది. ఆయన విని, "అయ్యో, ఎంత ఘోరమమ్మా," అన్నాడు. తర్వాత, "ఆమె మన సభ్యురాలు కాదు కదా. బాప్తిస్మం మన సంఘంలో తీసుకోలేదు. ఇలా ఊళ్లవాళ్లకు ఒకసారి ఇస్తే అన్ని ఊళ్ల నుంచీ తెస్తారు, మన తోటలో స్థలమెక్కడిది? మేం ప్రార్థన మాత్రం చేస్తాం," అన్నాడు.

మొన్న సభలో దారిన పడున్నవాడి కథ చెప్పిన గొంతు అదే. గొంతులో మెత్తదనం కూడా తగ్గలేదు. అదే నాకు రోత పుట్టించింది. అరిచి, తిట్టి కాదన్నా భరించేదాన్నేమో.

తర్వాత నాన్న బౌద్ధ సంఘం కార్యదర్శికి చేశాడు. సంఘం తరఫున నలుగురు వచ్చి మాట్లాడితే అధికారి మీద ఒత్తిడి పెరుగుతుందని ఆశ. స్పీకర్‌లో పెట్టాడు. "అన్నా, ఇది వాళ్ల వాళ్ల గొడవ. మన సంస్థ పేరు రాకుండా చూడు. మొన్న సభ పెట్టినందుకే కొందరు గుర్రుగా ఉన్నారు," అన్నాడు ఆయన. కాస్త ఆగి, మంచి సలహా తట్టినట్టు, "అసలు కాల్చెయ్యొచ్చుగా? బూడిదకు ఏ ఊరూ అడ్డు చెప్పదు. చివరికి అంతా అనిత్యమే కదా," అన్నాడు.

నాన్న ఫోన్ కట్ చేశాడు.  "అనిత్యమట," అన్నాడు. "ఎదుటివాడి శవం అయ్యేసరికి గుర్తొచ్చింది వీడికి."

నాకు ఆ లడ్డూ రుచి మళ్లీ నోట్లోకి వచ్చింది. నిజంగానే గట్టు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాను. ఎండవల్ల అని నాన్న అనుకున్నాడు. కొంత ఎండవల్లా కావచ్చు.

చివరికి అమ్మే దారి చూపింది. ఇంటికి ఫోన్ చేస్తే, రేకుల షెడ్డు కూటంవాళ్లను అడిగి, వెనక్కి వచ్చే దారిలో ఉన్న ఒక చిన్న సంఘం పాస్టరు నంబరు సంపాదించి ఇచ్చింది. ఆ ఊరి పేరు రాయను, వాళ్లకూ ఇబ్బందులున్నాయి. నేను మొదటి నుంచి చెప్పబోతే ఆయన మధ్యలోనే ఆపాడు. "మనిషి పొడుగెంత అమ్మా?" అని అడిగాడు. ఎందుకో నాకు ఒక క్షణం అర్థం కాలేదు. "గొయ్యికి," అన్నాడు.

బండి వెనక్కి తిప్పాం. కల్వర్టు మీద జనంలో ఎవరో నినాదం మొదలుపెట్టారు. పట్నం మనుషులు గట్టిగా అందుకున్నారు, ఊరివాళ్లు కొందరే కలిశారు. ఆడవాళ్లు కొందరు చెట్ల వెనక నుంచి చూస్తూ ఏడుస్తున్నారు. పూజారి రోడ్డు దిగి పొలాల్లోకి వెళ్లిపోయాడు.

మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. చెరకు తోట అంచున చిన్న సమాధుల దొడ్డి. ఆ సంఘంవాళ్లు ఇద్దరు గొయ్యి తవ్వుతున్నారు. రాతినేల, పలుగు దిగడం లేదు. అప్పుడు మోటార్‌సైకిల్ ఒకటి వచ్చి ఆగింది. పిన్ని మరిది. ఊరు దాటి మా వెనకే వచ్చినట్టున్నాడు. ఎవరితో మాట్లాడకుండా చొక్కా విప్పి గోతిలోకి దిగి పలుగు అందుకున్నాడు. అతను తవ్వుతుంటే మిగతా ఇద్దరూ పక్కకు జరిగారు.

కూతురు గట్టు మీద నిలబడి చూస్తూ ఉంది. ఇక ఆగలేకపోయింది. "ఈడ తవ్వెటోనివి ఆడెందుకు తవ్వలే బాబాయ్? నువ్వు ఒక్క మాటంటె ఇంకో నలుగురు అందురు కద. తీసుకరమ్మన్నది నువ్వే కద!"

అతను తవ్వడం ఆపలేదు. ఆ తర్వాత ఆపి, చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "పొద్దున ఆ జీపోళ్లు వచ్చే దాక అందరు సరే అన్నరు బిడ్డా. వాళ్లొచ్చి, ఈమెకు మట్టిచ్చినోణ్ణి ఊరు వెలేస్తదని పూజారితోటి చెప్పించిన్రు. నేను ఆడ పలుగు పడితె, రేపు నన్నెవలు పాతుతరు? నా పిల్లలు నన్ను బండ్లె ఏసుకుని ఇట్లనె తిరగాల్నా?"

 అందరికంటే ఎక్కువ కోపం నాకు అతని మీదే రావాలి, రాలేదు. ఒక మనిషిని అంత చిన్నవాణ్ణి చేసి, వదినకు దొంగచాటుగా గొయ్యి తవ్వుకునే స్థితికి తెచ్చినవాళ్లు జీపెక్కి, ఈపాటికి ఏ ధాబాలోనో భోంచేస్తూ ఉంటారు అనుకున్నాను.

పాస్టరు చిన్న ప్రార్థన చేశాడు. నాన్న కూడా రెండు మాటలు చెప్పవచ్చా అని అడిగాడు. పాళీలో శరణాలు చెప్పబోతున్నాడనుకున్నాను. చెప్పలేదు. "ఈమె ఎవరికీ కీడు చెయ్యలేదు. ఎవరి మాటకూ భయపడి తన మాట వదల్లేదు. మేం ఈమెకు చెయ్యాల్సింది చెయ్యలేకపోయాం," అన్నాడు. మరిది ముందు పిడికెడు మట్టి వేశాడు. తర్వాత కూతురు, తర్వాత మేము.

ఆ తర్వాతి ఆదివారం అమ్మ చర్చికి వెళ్లింది. ఆరాధన మధ్యలో లేచి నిలబడి, మన తోటలో నా చెల్లికి ఎందుకు చోటు లేదో ఇక్కడే చెప్పండి అని చర్చి పెద్దను అడిగింది. ఆయన ఆరాధన అయ్యాక మాట్లాడదాం అన్నాడు. అమ్మ బైబిలు చంకన పెట్టుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. ఇప్పుడు రేకుల షెడ్డుకే వెళ్తుంది. మోకాళ్లు నొప్పి కాబట్టి నాన్న స్కూటర్ మీద దింపుతాడు. లోపలికి వెళ్లడు, అయ్యేదాకా బయట రాయి మీద కూర్చుంటాడు. షెడ్డువాళ్లు ఆయనకు కుర్చీ వేయడం అలవాటు చేసుకున్నారు.

నాన్న సంఘానికి వెళ్లడం మానలేదు. ఇది నాకు నచ్చలేదు, గొడవపడ్డాను. "బుద్ధుణ్ణి వాడికి వదిలేసి రానా?" అన్నాడు. ప్రతి సమావేశంలోనూ ఆ రోజు ఫోన్‌లో అన్న మాటను ఎత్తుతున్నాడట. కార్యదర్శి ఇప్పుడు నాన్నను చూస్తే కళ్లద్దాలు తుడుచుకుంటాడట.

మొన్న ఆయనే మా ఇంటికి వచ్చాడు. డిసెంబర్‌లో మళ్లీ సభ ఉందట, ఇంకా పెద్దగా. నన్ను మాట్లాడమన్నాడు. "మీరు కళ్లారా చూశారు కదా టీచర్‌గారూ. ఆమె ఫోటో ఒకటి ఉంటే బ్యానర్ మీద వేయిద్దాం. చాలా కదిలిస్తుంది," అన్నాడు.

పిన్ని కూతురు అప్పుడు మా ఇంట్లోనే ఉంది. వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఎవల ఫోటో?" అని అడిగింది. కార్యదర్శి ఆమె ఎవరో తెలియక, ఓపికగా, "పాపం, ఊళ్లో చోటివ్వని ఒకావిడ ఉందిలే అమ్మా," అన్నాడు.

"మా అవ్వ," అంది. "ఇయ్య."

ఆయన ముఖం ఎర్రబడింది. ఏదో ఓదార్పు మాట మొదలుపెట్టాడు. నేను లేచి తలుపు తీసి పట్టుకున్నాను. ఆయన చెప్పులు వేసుకుంటున్నంతసేపూ ఆ మాట పూర్తిచేయడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాడు. ఆయన గేటు దాటేదాకా నిలబడి, తలుపు వేసుకున్నాను.